బత్‌హా వీధిలో భోజనం

రియాద్ నగరంలో చౌకగా కడుపు నింపుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలని ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: బత్‌హా. ఒకప్పుడు వాన కురిస్తే నీళ్ళు పారే వాగు అది. ఆ వాగు దారినే రోడ్డు వేశారు. రోడ్డుకు అటూ ఇటూ బజార్లు పెరిగాయి. ఉత్తరాన ఉలయ్యా వైపు అద్దాల మేడలు లేచి, డబ్బున్నవారు అటు తరలిపోయాక, బత్‌హా వలస కూలీలకు మిగిలింది. ఒక సందును కేరళ మార్కెట్టు అంటారు, ఇంకొకటి బంగ్లాదేశీయులది, మరొకటి యెమెన్ వారిది. 2024 డిసెంబరులో రియాద్‌లో మెట్రో రైలు ప్రారంభమైంది. ఉలయ్యాలో ఎక్కితే నీలిరంగు లైను రైలు నేరుగా బత్‌హాలో దింపుతుంది. పని మీద వెళ్ళి ఆ ఊళ్ళో మూడు వారాలు ఉన్న మేము, 4 రియాళ్ళ టిక్కెట్టు కొనుక్కుని అయిదుసార్లు అక్కడికి వెళ్ళాము. అయిదుసార్లూ ఒకే హోటలులో తిన్నాము.

నాటకం మీద విమర్శ రాయవచ్చు, భజన మీద రాయవచ్చు, కొత్త పుస్తకం మీద రాయవచ్చు. హోటలు కూర మీద విమర్శ ఏమిటని మన పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. వారికి మా మనవి ఇది. మన మారిషస్‌లో ఎన్ని తెలుగు ఇళ్ళలో తెలుగు మాట నిలిచింది? పెళ్ళికీ, రామభజనకూ, సింహాద్రి అప్పన్న పూజకూ ఆకు వేసి ఏడు కూరలు వడ్డించని ఇల్లు ఎన్నింట ఒకటి? 'సెట్ కారీ' అని అడిగే మన పిల్లవాడు ఆ ఏడును ఫ్రెంచివాడి అంకెతో లెక్కపెడుతున్నాడు. కాని ఆకు కొస ఏ వైపు ఉండాలో వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. భాష పోయిన ఇళ్ళలో కూడా పోనిది వంట. దాని మీద విమర్శ రాయకపోతే ఇంక దేని మీద రాయాలి?

హోటలు పేరు చెప్పటం లేదు. ఆ సందులో అలాంటివి పది ఉన్నాయి, ఒకదాని సంగతి చెబితే పదింటి సంగతీ చెప్పినట్టే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయనది మలప్పురం జిల్లా. గోడలకు తెల్ల పలకలు, మూల టీవీలో మలయాళం వార్తలు, వరసగా చేతులు కడుక్కునే తొట్లు. బల్ల మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరుస్తారు. తినటం అయ్యాక ఎముకలూ మెతుకులూ అన్నీ ఆ కాగితంలోనే చుట్టి పారేసి, కొత్తది పరచి, వెంటనే ఇంకొకరిని కూర్చోబెడతారు. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళితే నిలబడి ఉండక తప్పదు. తినేవాడి వెనకే నిలబడి, వాడు మజ్జిగకు ఎప్పుడు వస్తాడా అని చూడాలి. మన పెళ్ళిళ్ళలో రెండో పంక్తికి కాచుకునేవారు గుర్తుకు వచ్చారు.

మీల్సు 12 రియాళ్ళు. లావుపాటి ఎర్ర బియ్యపు అన్నమో, తెల్లన్నమో ఏది కావాలంటే అది. సాంబారు, కొబ్బరి వేసిన క్యాబేజీ వేపుడు, అప్పడం, ఊరగాయ, పసుపు వేసి కాచిన మజ్జిగ, వీటితోపాటు చేపల పులుసు. అన్నం ఎంత అడిగితే అంత. అడగకుండానే ఒక బంగ్లాదేశ్ కుర్రవాడు బేసిను పట్టుకుని వచ్చి, 'చావల్?' అంటూ మన జవాబు వినకుండా కుమ్మరించి పోతాడు. ఈ కుమ్మరింపు మాకు నచ్చింది. కూలిపని చేసే మనిషికి ఎంత అన్నం పడుతుందో తెలిసిన చెయ్యి అది.

ఇక రుచి. చేపల పులుసు గొప్పగా ఉంది. ఇందులో దాక్షిణ్యం ఏమీ లేదు. వంజరం ముక్క చెదరలేదు, కొబ్బరినూనె వాసన కరివేపాకును మించలేదు, కుడంపులి అనే ఎండు పులుపు నాలుక చివర కాసేపు నిలిచింది. పరోటా కూడా మంచిదే. వాకిట్లో నిలబడి పిండిని బండ మీద చరిచి, గాలిలో విసిరి, పొరలు పొరలుగా మడిచే మనిషి చేతుల్ని చూస్తే తినకముందే సగం కడుపు నిండుతుంది. సాంబారు మాత్రం తేలిపోయింది. పప్పు కన్న నీరు ఎక్కువ, పులుపు కన్న తీపి ఎక్కువ. రాత్రిపూట కూరలది వేరే తప్పు. కోడికూర, మేకమాంసం, గుడ్డు, కూరగాయలు, పేర్లు నాలుగూ పలక మీద విడివిడిగానే రాసి ఉంటాయి. రసం మాత్రం ఒక్కటే. ఉల్లిపాయ, టమాటా, ఎండుకారం కలిపి పొద్దున కాచిన ఒకే గుండిగలో నాలుగూ మునిగి లేస్తాయి. రంగు చూసి భయపడినవాడు తిన్నాక నవ్వుకుంటాడు. బిర్యానీ గురించి ఎక్కువ చెప్పము. దానికి పక్క సందులో హైదరాబాదు వారు ఉన్నారు.

మాంసం కూరకు చిక్కదనం లేకపోవటానికి వంటవాడొక్కడే కారణం కాదు. తెలుగు ఇంట్లో మసాలా నూరితే గసగసాలు పడతాయి. సౌదీలో గసగసాలు నిషిద్ధం, వాటిని మాదకద్రవ్యాల కిందే జమకడతారు. ఊరినుంచి వచ్చేటప్పుడు మూటలో కట్టుకు రావద్దని గల్ఫుకు వెళ్ళేవారికి ముందే హెచ్చరిస్తారు. తెలియక పొట్లం కట్టి ఇచ్చిన తల్లి వల్ల కొడుకు చిక్కుల్లో పడే దేశం అది. జీడిపప్పు నూరి పోయవచ్చు. 12 రియాళ్ళ హోటలులో జీడిపప్పు ఎవరు నూరతారు?

మేము మొదటిరోజు బల్ల దగ్గర కూర్చుని వెతికింది తెలుగు కోసం. ఆ వీధుల్లో మలయాళం బోర్డులు చూశాము, బంగ్లా బోర్డులు చూశాము, ఉర్దూ చూశాము. మేము తిరిగినంత మేర తెలుగు అక్షరాల హోటలు బోర్డు ఒక్కటి కూడా కంటపడలేదు. మనుషులు మాత్రం కనబడ్డారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫు దేశాల్లో కట్టుబడి పనులు లేచినప్పటినుంచి కరీంనగర్, నిజామాబాద్ పల్లెలు అక్కడికి మనుషుల్ని పంపుతూనే ఉన్నాయి. మరి మలయాళీకి వీధినిండా హోటళ్ళు ఉంటే తెలుగువాడికి ఒక్క బోర్డు ఎందుకు లేదు? మలయాళీలలో కూలీలతోపాటు దుకాణదారులూ, గుమాస్తాలూ, నర్సులూ వచ్చారు. ఒకరు హోటలు పెడితే పదిమంది బంధువులు వచ్చి చేరారు. వారు తమ వంటనే కాదు, రాతను కూడా ఆ ఎడారిలో నాటారు. బెన్యామిన్ 2008లో రాసిన 'ఆడుజీవితం' సౌదీలో మేకలు కాసిన ఒక మలయాళీ కథ. అది 2024లో సినిమాగా కూడా వచ్చింది. తెలంగాణ పల్లెలనుంచి వచ్చినవారిలో ఎక్కువమంది కట్టుబడి పనికీ, ఊడ్చే పనికీ, తోటపనికీ వచ్చారు. హోటలు పెట్టటానికి పెట్టుబడి కావాలి, వచ్చినవాడు అప్పటికే ఏజెంటుకు అప్పుపడి ఉన్నాడు.

రెండోసారి వెళ్ళినది శుక్రవారం సాయంత్రం. సెలవురోజు కనుక వీధి అంతా తలకాయలే. మా బల్లకే ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఇద్దరు జగిత్యాల దగ్గరివారు, ఒకరు కామారెడ్డి వైపు మనిషి. మేము సర్వరుతో హిందీలో తంటాలుపడుతూ మధ్యలో 'చాలు, చాలు' అన్నాము. వారిలో పెద్దవాడు తల ఎత్తి చూశాడు.

'మీదే ఊరు సార్?'

మారిషస్ అన్నాము.

'గదేడుంటది?'

ఆఫ్రికా పక్కన, సముద్రం మధ్యలో.

'మరి తెలుగెట్లొచ్చింది?'

చెప్పాము. కోరంగి రేవునుంచి 1843లో 'కోరంగి పాకెట్' అనే ఓడ వచ్చిందనీ, అలాంటివి ఇంకా ఎన్నో వచ్చాయనీ, చెరకు నరకటానికి అయిదేళ్ళ గిర్మిట్ ఒప్పందం మీద మా తాతల తాతలు ఎక్కారనీ చెప్పాము. ఆయన అడిగిన ప్రశ్నలు మన బడిపిల్లలు ఎన్నడూ అడగనివి. 'ఎంతిచ్చేటోళ్ళు?' నెలకు 5 రూపాయలు. 'ఒకరోజు పనికి పోకుంటే?' రెండు రోజుల కూలి కోసేవారు. 'వాపసు రాలేదా?' కొందరు వచ్చారు, ఎక్కువమంది రాలేదు. 'పాసుపోర్టు గుంజుకున్నరా?' పాస్‌పోర్టు లేదు గాని, 1867 చట్టం వచ్చాక ఫోటో అంటించిన టిక్కెట్టు ఎప్పుడూ జేబులో ఉండాలి, లేకపోతే పోలీసు పట్టుకుపోయేవాడు. ఆయన ఏమీ అనలేదు. చొక్కా జేబు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. ఇకామా అందులో ఉంది.

తర్వాత సంచిలోనుంచి చిన్న సీసా తీసి బల్ల మధ్య పెట్టాడు. మామిడికాయ తొక్కు. ఊరినుంచి ఎవరో సెలవుకు వెళ్ళి వస్తూ తెచ్చినది. హోటలువారి ఊరగాయను ముగ్గురూ పక్కకు జరిపి, తలా ఇంత అన్నంలో వేసుకుని, మా ఆకు ముందుకు కూడా, క్షమించాలి, మా పళ్ళెం ముందుకు కూడా జరిపారు. వెల్లుల్లి, ఆవపిండి, పచ్చి నూనె, కళ్ళు మూతబడే కారం. సాంబారు తప్పు దాని ముందు మాఫీ అయిపోయింది. సర్వరు చూశాడు, ఏమీ అనలేదు. బయటి తిండి తేవద్దన్న బోర్డు గోడకు ఉంది. దాన్ని పాటించమని అడగని హోటలు మంచి హోటలు, ఈ మాట మా విమర్శలో భాగంగానే రాస్తున్నాము.

ఇది చౌక హోటలు అని పైన అన్నాము. ఎవరికి చౌక? వారిలో ఒకరి జీతం నెలకు 1000 రియాళ్ళు. అంటే రోజుకు 33. మా 12 రియాళ్ళ మీల్సు ఆయన రోజు కూలిలో మూడో వంతు దాటుతుంది. 'ఈడికి నెలకొక్కపారి వస్తం సార్, జీతం పడ్డంక. గడ్మదినాలు రూముల్నే' అన్నాడు కామారెడ్డి మనిషి. రూములో ఎనిమిదిమంది, ఒక గ్యాసు పొయ్యి, వంట వంతులవారీగా. వంట రానివాడు గిన్నెలు తోముతాడు. శుక్రవారం పొద్దున కోడి, తక్కిన రోజులు పప్పూ అన్నమూ. కనుక రియాద్‌లో తెలుగు వంట లేదని మేము మొదటిరోజు అనుకున్నది పొరపాటు. ఉంది, బోర్డు కట్టుకోలేదు అంతే. ఇళ్ళలో వంటపనికి వెళ్ళిన మన ఆడవారి సంగతి వేరు. వారు ఇతరుల వంటగదుల్లో ఇతరుల కూరలు వండుతారు. 2021 మార్చిలో యజమాని అనుమతి లేకుండా పని మారవచ్చునని కొందరికి వెసులుబాటు ఇచ్చిన సంస్కరణ వచ్చినప్పుడు, ఇంటిపనివారిని అందులో చేర్చలేదు.

హోటలులో మెట్ల పక్కన బాణం గుర్తు వేసి 'ఫ్యామిలీ' అని ఉంటుంది. ఒంటరి మగవారికి ఒక వాకిలి, కుటుంబాలకు వేరొక వాకిలి ఉండాలన్నది ఆ దేశపు పాత నిబంధన, దాన్ని 2019 డిసెంబరులో తీసివేశారు. మేడ మీద తెరలు కట్టిన చిన్న గదులు మాత్రం ఇక్కడ ఇంకా ఉన్నాయి. నాలుగోసారి వెళ్ళినప్పుడు పైకి వెళ్ళి చూశాము. ఎనిమిది గదుల్లో ఒకదానిలో ఒక తల్లీ తండ్రీ, పరోటాను కూరలో ముంచటం నేర్చుకుంటున్న ఒక పిల్లా ఉన్నారు. తక్కినవి ఖాళీ. వెనకటికి ఇవి నిండేవని సర్వరు చెప్పాడు. 2017 జూలైనుంచి విదేశీ ఉద్యోగి వెంట ఉండే ప్రతి కుటుంబ సభ్యుడి మీదా నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టారు. ఏటా 100 చొప్పున పెంచుతూ 2020కి దాన్ని 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1200 రియాళ్ళు. కింద మాతో కూర్చున్న మనిషి మొత్తం జీతం కన్న అది ఎక్కువ. ఆయనలాంటి కూలీకి అసలు కుటుంబ వీసాయే దొరకదు. ఆ దేశంలో పుట్టినంత మాత్రాన పరదేశి బిడ్డకు పౌరసత్వం రాదు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న మాట ఆ ఖాళీ గదుల దగ్గర తోచింది. ఈ హోటలు కూరకు గాని, ఆ రూములో వంతులవారీగా వండే పప్పుకు గాని వారసులు లేరు. యాభై ఏళ్ళుగా లక్షలమంది అక్కడ తిన్నారు, తిని తిరిగి వెళ్ళారు. వారి పిల్లలు పుట్టింది, పెరిగింది, తినటం నేర్చింది ఊళ్ళోనే. కనుక రియాద్ తెలుగు కూర అని ఒకటి పుట్టదు. మన సెట్ కారీ ఎలా పుట్టింది? కోరంగి వంట అలాగే నిలిచిపోయి కాదు. గుమ్మడికాయ ఇక్కడి గుమ్మడికాయ, పనసకాయ ఇక్కడి పనస, చారు 'రసొన్' అయింది, మునగాకు 'బ్రెద్ మురుమ్' అయింది. పక్కింటి తమిళ అమ్మ చెయ్యి కూడా అందులో పడింది. తల్లి వండింది, కూతురు కొద్దిగా మార్చింది, మనుమరాలు ఇంకొద్దిగా మార్చింది. ఆ మార్చే చేతులు రావాలంటే వంటగదిలో ఆడపిల్ల ఉండాలి, గడప దగ్గర పసివాడు ఉండాలి.

ఎదురు ఉదాహరణ కూడా ఒకటి ఉంది, అది అరబ్బులదే. హైదరాబాదులో నిజాము సైన్యంలోకి హద్రమౌత్‌నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు ఉండేవారు. వారి బారకాసుల పేరే ఇప్పటి బర్కస్ పేట. వారు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. వారు తెచ్చిన హరీస్ హైదరాబాదు మసాలాల్లో మునిగి హలీమ్ అయింది. 2010లో దానికి ఆ నగరం పేరుమీద భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. అరబ్బు కూలిసిపాయి గోధుమ జావ మన గడ్డమీద వారసుల్ని సంపాదించుకుంది. మన కూలివాడి పచ్చిపులుసు అరబ్బు గడ్డమీద ఎనిమిదిమంది రూము దాటి బయటకు రాలేదు. రుచిలో తేడా వల్ల కాదు.

ఇది చదివి, గిర్మిట్ కాలాన్ని పొగుడుతున్నారా అని అడిగేవారు ఉంటారు. ఈ సంగతి మా మిత్రుడొకరితో చెబితే ఆయన అదే అన్నాడు. లేదు. 1834నుంచి 1910 దాకా మన దీవికి దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయుల్ని తెచ్చినవారికి మన వంట మీద ప్రేమ లేదు. నూరుమంది మగవారికి నలభైమంది ఆడవారిని ఓడ ఎక్కించాలని తర్వాత నిబంధన పెట్టినది కూడా మన సంసారాలు నిలబెట్టటానికి కాదు. కూలీలు కుదురుగా ఉండాలనీ, తోటలకు మనుషులు తరగకూడదనీ. కావలసినప్పుడు తెచ్చి, వద్దనుకున్నప్పుడు పంపివేసే వీలు ఈనాటి దొరలకు ఉంది, ఆనాటి దొరలకు ఓడ ఖర్చు ఎక్కువ. రెండింటిలో ఏది ఎక్కువ దయ అని తూచటం మా పని కాదు. కాని ఒక లెక్కవల్ల మనకు ఏడు కూరలు మిగిలాయి, ఇంకొక లెక్కవల్ల వారికి ఏమీ మిగలటం లేదు. ఈ తేడా పళ్ళెంలో కనబడుతుంది. మన పత్రికలో ప్రవాసాంధ్రుల గురించి రాసేటప్పుడు అందరినీ ఒకే తాడున కట్టి, తెలుగువాడు ఎక్కడికి పోయినా తన సంస్కృతిని నిలబెట్టుకుంటాడు అని రాస్తూ ఉంటాము. నిలబెట్టుకోవటం తెలుగువాడి పౌరుషం మీదే ఆధారపడి ఉంటే, పౌరుషంలో జగిత్యాల మనిషి మన తాతలకు తీసిపోడు.

చివరిసారి వెళ్ళినది కూడా శుక్రవారమే. పెద్దవాడు ఒక్కడే వచ్చాడు, భోజనానికి కాదు, టీకి. మాగ్రిబ్ నమాజు పిలుపు వినబడుతోంది. 2021లో ఆ వేళ కూడా దుకాణాలు తెరిచి ఉంచవచ్చునన్నాక, ఈ హోటలు తలుపు సగం కూడా దించటం లేదు. మా ఇంట్లో పండగకు ఏమేమి వండుతారని అడిగాడు. పప్పు, గుమ్మడికాయ, అరటికాయ, పనస, వంకాయ, చారు, పాయసం అని చెబుతుంటే వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.

'అన్నీ మావే సార్. ఎవరు నేర్పిన్రు?'

మా ఇంటావిడకు వాళ్ళ అత్తగారు నేర్పింది అన్నాము.

'నాకు నా బిడ్డ నేర్పుతది' అన్నాడు. ఫోను తీశాడు. అవతల జగిత్యాల వైపు ఇంట్లో పద్నాలుగేళ్ళ పిల్ల, వెనక రాత్రి దీపం. ఆ రాత్రి వంట వంతు ఆయనది. పచ్చిపులుసుకు ఎనిమిదిమందికి చింతపండు ఎంత నానబెట్టాలని అడిగాడు. పిల్ల అరచెయ్యి ముడిచి చూపింది. ఆయన తన అరచెయ్యి ముడిచి, ఇంతనా అని చూపించాడు. పిల్ల నవ్వి, 'గంతగనం వద్దు బాపూ, నీ చెయ్యి పెద్దది' అంది.